గుమ్మడికాయ పగిలిన చప్పుడు

ఈమధ్య వస్తున్న కొత్తరకం సినిమాల్లో నాకు బాగా నచ్చేది ఒకటుంది. హత్యను చూపించరు, వినిపిస్తారు. మొన్నొకదాంట్లో తెరనిండా తెల్లగోడ. గోడవతల మనిషిని గొడ్డలితో నరుకుతున్నారు. ఎముక విరిగేదాకా వదల్లేదు. హాల్లో సగంమంది లేచిపోయారు. నేను రెప్ప వేయలేదని మా తెలుగు సంఘం పత్రికలో రాశాను. రెప్ప వేయకపోవడం నిజమే. చెవులు మూసుకున్న సంగతి రాయలేదు.

అది చదివి మనవరాలు నన్ను పనిలో పెట్టింది. యూనీలో, అంటే యూనివర్సిటీలో, ఆఖరి ఏడాదికి తను తీస్తున్న చిన్న సినిమాలో ఒకడు ఇంకొకణ్ణి తలమీద బాది చంపాలి. తెరంతా చీకటి, చప్పుడొక్కటే. శుక్రవారంలోపు అది కుదరకపోతే పాసవదు. స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో మేముండే ఇంటి గరాజ్‌లో మైకు పెట్టి పుచ్చకాయ పగలగొట్టింది.

"తల పగిలితే ఇలా ఉండదమ్మా" అన్నాను.

"హౌ డు యూ నో, తాతా?"

ఇన్నేళ్లుగా సినిమాలు చూస్తున్నవాణ్ణని కోతలు కోశాను.

గుమ్మడికాయ తెప్పించాను. నిండు గుమ్మడికాయ మీద ఆడపిల్ల మొదటి దెబ్బ వేయకూడదని మా ఆవిడ క్రికెట్ బ్యాటు నా చేతికిచ్చింది. మొదటి దెబ్బకు తొక్క చిట్లింది. రెండోదానికి బ్యాటు లోపలికి దిగింది. మూడోదానికి గుజ్జూ గింజలూ మొహాన పడ్డాయి. మనవరాలు చాలంటున్నా నేలమీది ముక్కల్ని కొడుతూనే ఉన్నాను. చివరికి నా నోట్లోంచి "అయ్యో, తమ్ముడూ" అని వచ్చింది.

మైకులో పడింది. నటించానన్నాను. ఆ మాట కత్తిరించేయమన్నాను.

"అది తీసేస్తే ఇట్స్ జస్ట్ ఎ పంప్‌కిన్, తాతా. హూ ఈజ్ తమ్ముడు?"

చెప్పాను. కుర్రతనంలో, నా సైకిలు చక్రం వంచుకొచ్చాడని తమ్ముడి తలమీద దుడ్డుకర్రతో కొట్టాను. ఒక్క దెబ్బేనని ఇన్నాళ్లూ మా ఆవిడకి కూడా చెప్పుకొచ్చాను. మూడు. మూడోది వాడు కిందపడ్డాక కొట్టాను. బతికాడు గానీ ఎడమచెవి పోయింది. ఇప్పటికీ వీడియో కాల్లో కుడిపక్కకు తిరిగి వింటాడు.

మనవరాలు నా గడ్డానికంటుకున్న గింజ తీసేసింది.

"ఆ మాట ఉంచెయ్యమ్మా" అన్నాను.

సినిమా గురువారమే ఇచ్చేసింది. యూనీలో ఆ సినిమా వేసినరోజు, చీకట్లో నేను చెవులు మూసుకోలేదు. అంటే, రెండూ మూసుకోలేదు. ఎడమది మూసుకున్నాను, తమ్ముడికెలా వినబడుతుందో చూద్దామని.