పుల్లమ్మకిచ్చిన బిడ్డ

మా అక్క నాగులమ్మ మరిచిపోయింది ఒక్క తెల్లవారుజామునే. తక్కినదంతా ఆమెకు గుర్తుండేది. ఏ చేనుకు ఎవరు కూలికి వచ్చారో, తన పెండ్లినాడు ఎవరు ఏ పాట ఎత్తుకున్నారో, మా అమ్మ ప్రాణం పోయేముందు ఏమడిగిందో అన్నీ చెప్పేది. కాని రజాకార్లు ఊరిమీద పడిన ఆ పొద్దు, సంకలో ఉన్న కొడుకు మారయ్యను ఎక్కడ విడిచిందో మాత్రం చెప్పలేకపోయింది.

మా ఊరు హుజూర్‌నగర్‌కు దిగువన, కృష్ణకు దగ్గరలో. అది నలభై ఎనిమిదో సంవత్సరం వానకాలం. బావ దళంలో కలిసి అడవి పట్టాడు. అత్తకు తోడుగా అక్క, అక్కకు తోడుగా నేను ఆ ఇంట్లో ఉండేవాళ్ళం. ఇంకా వెలుగు రాకముందే లారీల చప్పుడు వినబడింది. ఊరంతా జొన్నచేలల్లోకి ఉరికింది. ఆ ఏడు జొన్న మనిషి మీద మనిషి నిలబడ్డంత పెరిగింది. చేనులో అడుగుపెట్టిన వాళ్ళు ఒకరికొకరు కనిపించలేదు. నేనూ అత్తా ఒక దిక్కు పోయాం, అక్క ఇంకొక దిక్కు పోయింది.

పొద్దెక్కాక వాగు ఒడ్డున దొరికింది అక్క. తుపాకీ మడమతో కొట్టిన దెబ్బకు నుదురు పగిలింది. రైక పాలతో తడిసి ఉంది. సంక ఖాళీ.

బావులు చూశాం, చేలు గాలించాం, వాగు వెంట పోయాం. బిడ్డ లేడు, బిడ్డ శవమూ లేదు. ఊళ్ళో సగం మంది గుట్టలెక్కారు, కొందరు కృష్ణ దాటారు, కొందరిని రజాకార్లు పట్టుకుపోయారు. ఎవరు ఎటు పోయారో చెప్పేవాళ్ళు లేరు. బాటలన్నీ వాళ్ళ చేతిలో ఉన్నాయి.

దెబ్బ మానింది. అక్క లేచి తిరిగింది, వండింది, జొన్నలు విసిరింది. అత్త మాత్రం ఊరుకోలేదు.

"కడవ బాయి కాడ మరిచినట్టు బిడ్డను మరిచిందమ్మా నా కోడలు. రేపు నన్ను గూడ యాడనో పెట్టి మరుస్తది."

"యాదికొస్తలేదత్తా," అనేది అక్క.

పసరం వైద్యం చేసే బుచ్చయ్య తాతను నేనే పిలుచుకొచ్చాను. పశువులకూ మనుషులకూ ఊళ్ళో ఆయనే దిక్కు. అక్క కనురెప్పలు ఎత్తి చూశాడు, నాలుక చూశాడు.

"పిల్లలకు మాట రాకపోతే ఏం నాకిస్తరు బిడ్డా?" అని నన్నడిగాడు.

"వస కొమ్ము, తాతా."

"గదే. గీమెకు మాట ఉన్నది, మాట ఎనుక ఉండేది పోయింది. పొద్దుగాల సరస్వతాకు రసం, మాపటికి వస. జర ఓపిక పట్టాలె."

"వస దేంతోని అరగదియ్యాలె?"

బుచ్చయ్య తాత తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "పిల్లలకైతే తల్లిపాలతోని. గీమెకు గూడ గంతే. పాలు ఇంకా ఇంకలేదు గదా."

అత్త మూతి తిప్పింది. "ఇగ వసపిట్ట లెక్క ఒర్రుతది సూడు ఇంట్ల."

సరస్వతాకు వాగు పక్కన బురదలో నేలకు అంటుకుని పాకేది. మేకపిల్ల గిట్టంత ఆకు. రోజూ తెంపుకొచ్చి దంచి, బట్టలో పిండి ఇచ్చేదాన్ని. సాయంత్రం అక్క సానరాయి ముందు కూర్చుని, బిడ్డకు పోయవలసిన పాలు రాతి మీద పిండి, వస అరగదీసి తన నాలుకకు తనే రాసుకునేది. వస ఘాటు ఇల్లంతా నిండేది. ఆ వాసన వస్తే పాలు తాగే పిల్లవాడున్న ఇల్లనుకుంటారు ఎవరైనా. ఉయ్యాల మాత్రం దూలానికి చుట్టి ఉండేది.

మొదట చిన్న చిన్న సంగతులు వచ్చాయి. ఆ పొద్దు కాలికి ముల్లు దిగిందని, ముందు ఎవరిదో కుక్క ఉరికిందని చెప్పింది. తర్వాత ఒకనాడు ఇసుర్రాయి తిప్పుతూ, తలెత్తకుండా, తనది కాని గొంతుతో అన్నది:

"గడప మీద కూసోకే, కడుపుల పిల్ల అడ్డం తిరుగుతది."

అత్త చేతిలో చాట కింద పడింది. బావ కడుపులో ఉన్నప్పుడు మామ ఆమెతో అన్న మాట అది. అక్క ఆ ఇంటికి కోడలుగా రాకముందే మామ పోయాడు.

"గా మాట నీకెవరు చెప్పిన్రే?"

"యాదికొచ్చిందత్తా."

"నీకెట్ల యాదికొస్తదే. నువ్వప్పటికి పుట్టనన్న పుట్టలే."

అక్క ఏమీ తెలియనట్టు ఇంకో పిడికెడు జొన్నలు రాయిలో పోసింది.

అత్త పోయి బుచ్చయ్య తాతతో కొట్లాడింది. మందు మాన్పించమన్నది. ఆయనా బెదిరాడు. "ఆకు లేపుతది గని, ఎవరి యాదో సూసి లేపుతదా చెల్లె? ఆపుదాం తియ్యి," అన్నాడు. అక్క ఆపలేదు. "నా కొడుకు ఏడున్నడో తెల్వనియ్యి. ఆ ఎనుక మీ ఇష్టం," అని తనే వాగుకు పోయి ఆకు తెంపుకొచ్చింది. ఆ రోజుల్లో ఆమె పక్కన కూర్చోవాలంటే నాకు భయం వేసేది. ఏ పొద్దు ఎవరి మాట ఆమె నోట వస్తుందో తెలియదు.

యూనియన్ సైన్యం వచ్చింది. నిజాం లొంగిపోయాడన్నారు. రజాకార్లు టోపీలు చెట్లలో పారేసి మాయమయ్యారు. గుట్టలెక్కినవాళ్ళు దిగివచ్చారు. వాళ్ళెవరి సంకలోనూ మారయ్య లేడు.

ఆ వారంలోనే ఒక ఉదయం అక్క వాకిట్లో కూర్చుని నెమ్మదిగా చెప్పింది.

"జొన్నల నడుమ నుంచి రెండు చేతులొచ్చినయి. మొఖం అవుపడలే. ఎనుక బూట్ల సప్పుడు. నేను 'పుల్లమ్మా, తీసుకో' అన్న. తీసుకున్నది. చేతులు సల్లగున్నయి, గాజుల్లేవు."

పుల్లమ్మ మా వాడలోని జంగయ్య భార్య. కలరా గత్తరొచ్చి ఆమె చనిపోయి అప్పటికి చాలాకాలమైంది. ఆమె శవాన్ని కడిగిన ఆడవాళ్ళలో అక్క కూడా ఉంది.

అత్త ఏడవలేదు. లోపలికి పోయి కూర్చుంది. చచ్చినామె తీసుకున్న బిడ్డ చచ్చినవాళ్ళలోనే ఉంటాడని ఆమెకు తేలిపోయింది. పెత్తరమాస దగ్గరికొచ్చింది. పోయినవాళ్ళ పేరున బియ్యం ఇచ్చే రోజు అది. మామ పేరుతో పాటు మనుమడి పేరునా ఇస్తానన్నది.

"బియ్యం ఇస్తే వాడు పోయినట్టే గదా అత్తా," అన్నది అక్క.

"పోయినోన్ని పోయినోళ్ళల్ల కలపకపోతే యాడ తిరుగుతడే వాడు?"

"నేనియ్యనియ్య."

పెత్తరమాస నాడు అత్త చాటలో బియ్యం పోసి, పైన గుమ్మడికాయ ముక్క పెట్టింది. అక్క వచ్చి చాటను కాలితో ఆపింది. అత్తకు కోపం అణగలేదు.

"సిగ్గులేదానే నీకు. పుల్లమ్మకు ఇచ్చుడంటే ఏమిస్తరే ఎవరన్న? ఇంత పసుపు, ఇంత బొట్టు, రైకగుడ్డ. గవి గూడ బిక్షమ్మ చేతులనే గదా పెడ్తరు. నువ్వు పిల్లగాన్ని..."

అక్కడ ఆగిపోయింది అత్త. ముగ్గురం ఒకరి మొఖాలొకరు చూసుకున్నాం.

బిక్షమ్మ జంగయ్య రెండో భార్య. మా దిక్కు భార్య పోయినవాణ్ని చేసుకున్న ఆడది మెడలో సవతమ్మను కట్టుకోవాలి. పోయిన మొదటి భార్య బొమ్మ చెక్కిన చిన్న వెండి బిళ్ళ అది. రెండో ఆమెకు ఎవరు ఏమిచ్చినా ముందు ఆ బిళ్ళకు చూపి, పోయినామె పేరు పిలిచి, అప్పుడు చేతిలో పెట్టాలి. లేకపోతే సవతి ఓర్వదంటారు. బిక్షమ్మ చిటికెడు ఉప్పుకు వచ్చినా అక్క "పుల్లమ్మా, తీసుకో" అనే పెట్టేది. చావు వెంట తరుముతున్నప్పుడు కూడా నోటికి ఆ అలవాటు తప్పలేదు.

జంగయ్య, బిక్షమ్మ ఇంకా తిరిగిరాలేదు. కృష్ణ దాటారని ఎవరో అన్నారు. అదే పొద్దు ముగ్గురం ఏరు దాటించే పుట్టి ఎక్కాం.

అవతలి ఒడ్డున మామిడితోటలో మా దిక్కువాళ్ళ గుడిసెలున్నాయి. ఒక గుడిసె ముందు బిక్షమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో మారయ్య. ఒళ్ళు చేశాడు. మమ్మల్ని చూసి బిక్షమ్మ లేవలేదు. బిడ్డను ఇంకా దగ్గరికి అదుముకుంది. మోచేతుల దాకా గాజులున్నాయి.

"వదినా, నా కొడుకు," అన్నది అక్క.

"నాకు నువ్వియ్యలే నాగులూ."

"ఎవరికిచ్చిన మరి?"

"నాకెరుకలే. నేను చేను నడుమ పడిపోయిన. లేచి సూస్తే నా పక్కన కూసోని మన్ను తింటున్నడు. చుట్టూ మనిషి లేదు." బిక్షమ్మ మెడలోని బిళ్ళను ముట్టి చూపింది. "నాకు కడుపు పండలేదని ఆమెనే ఇచ్చిందనుకున్న. ఆమె ఇచ్చినోన్ని నేనెట్ల ఇద్దు? ఆమెనడుగు."

అత్త తిట్టబోయింది. అక్క చెయ్యి అడ్డం పెట్టింది. బిక్షమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆమె మొఖం చూడలేదు. మెడలోని బిళ్ళనే చూసింది.

"పుల్లమ్మా, ఆపతిల పట్టుకున్నవు. నీ రుణం ఉంచుకోను. ఇగ నాకియ్యి."

తోటలో గాలి లేదు. బిక్షమ్మ చేతులు ఎవరో వేలు వేలు విప్పినట్టు మెల్లగా సడలాయి. ఆమె అది ఆశ్చర్యంగా చూస్తూ ఉండిపోయింది. బిడ్డ పాకుతూ వచ్చి అక్క ఒళ్ళో పడ్డాడు. ఏడ్చింది బిక్షమ్మ ఒక్కతే. ఆమెనూ జంగయ్యనూ వెంటబెట్టుకునే ఊరికి వచ్చాం. మారయ్య మా ఇంటా బిక్షమ్మ ఇంటా తిని పెరిగాడు.

అక్క ఈ ఏడు ఎండాకాలంలో పోయింది. పోయేముందు కొన్ని నెలలు ఆమెకు ఏదీ గుర్తులేదు. నన్ను మరిచింది, బావను మరిచింది. మారయ్యకు ఇప్పుడు జుట్టంతా నెరిసింది. మంచం పక్కన కూర్చుని గంజి తాగించేవాడు. ఒకనాడు అక్క గ్లాసు పక్కకు తోసి అతన్ని అడిగింది.

"అయ్యా, నా కొడుకునియ్యమని పుల్లమ్మనడిగిన. ఇచ్చిందా?"

"ఇచ్చిందమ్మా," అన్నాడు మారయ్య. "నేనే గదా."

అక్క అతని మొఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత గోడ దిక్కు తిరిగి, అక్కడెవరో ఉన్నట్టు, మెల్లగా అన్నది.

"గీయన ఇచ్చిందంటున్నడు. నువ్వే చెప్పు."

గోడ నుంచి ఏ జవాబు విన్నదో మాకు తెలియదు. ఆ పొద్దు మాత్రం గంజి అంతా తాగింది.