మొదటి గ్లాసు పారబోసే జవహర్ సారు

కోదాడ ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ చూసే జవహర్ సారు లోకంలో ఏదీ మొదటిసారి నమ్మడు. గేటు బయట ఐలమ్మ హోటల్లో మొదటి గ్లాసు చాయ్ పారబోసి, అదే గ్లాసులో మళ్లీ పోయించుకుంటాడు. "ముందు తాగినాయన రుచి అండ్ల ఉంటది" అంటాడు. ఐలమ్మ ఆయన కళ్లముందే గ్లాసు కడిగి చూపించినా వినడు. పిల్లలు నమస్తే పెడితే రెండోదానికే పలుకుతాడు. పెళ్లిచూపుల్లో యమున మేడమ్ పేరు కూడా రెండుసార్లు అడిగాడట. ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

2012లో ఈ సారు త్రిపురారం నుంచి వచ్చి చదువుకుంటున్న స్రవంతికి ప్రాజెక్టు గైడుగా తగిలాడు. వాళ్ల నాన్న వీరయ్య కాలువ మోటరు ఏటా కాలిపోతుంది. కాలకముందే పసిగట్టే పెట్టె చేయాలని ఆ పిల్ల ఆశ. అందులోని చిప్పు లైనులో ఉండే వోల్టేజీని, మోటరు లాగే కరెంటును మార్చి మార్చి క్షణానికి వేలసార్లు కొలవాలి. కొలిచింది గానీ, అన్నీ అబద్ధాలే కొలిచింది. మోటరు ఆపేసినా కరెంటు పారుతున్నట్టే చూపించింది. నిదానంగా కొలిస్తే బుద్ధిగా ఉండేది, వేగం పెంచగానే మళ్లీ అదే తంతు. స్రవంతి వైర్లు మార్చింది, చిప్పు మార్చింది, చివరికి మొక్కే దేవుణ్ణి కూడా మార్చింది. తెల్లారితే వైవా. తప్పితే ఏడాది గోవిందా.

సాయంత్రం బల్లమీద తల వాల్చి, ఇగ నాతోని కాదు సార్ అంది.

"మళ్ల చెప్పు" అన్నాడు సారు.

మళ్లీ చెప్పింది, ఈసారి ఏడుస్తూ.

సారు ఆమెను ఐలమ్మ హోటల్‌కి తీసుకుపోయి, అలవాటుగా మొదటి గ్లాసు పారబోశాడు. "నీ చిప్పుల గ్లాసు ఒక్కటే ఉంటది. వోల్టేజీ పోసిన గ్లాసులనే కరెంటు పోస్తున్నవ్. నువ్వు ఉరికిస్తుంటే దానికి పాత రుచి పోయే టైమేది?"

స్రవంతి ల్యాబ్‌కి పరుగెత్తింది. అటు నుంచి ఇటు మారిన ప్రతిసారీ మొదటి రీడింగు పారేసి, రెండోదే తీసుకునేలా ప్రోగ్రాం రాసింది. మోటరు ఆపితే సున్నా వచ్చింది. నమ్మబుద్ధి కాక మళ్లీ చూసింది.

మర్నాడు హైదరాబాదు నుంచి పరీక్షకుడు దిగాడు. సారు ఆయన చాయ్ కూడా ఒకసారి పారబోయించి మరీ కూర్చోబెట్టాడు. మొదటి రీడింగు ఎందుకు పారేస్తున్నావని ఆయన స్రవంతిని అడిగాడు. దానికంటే తేలిక ప్రశ్న లేదు. కానీ భయంలో ఆమె గ్లాసు సంగతే మర్చిపోయింది.

"సారు చెప్పిండ్రు సార్" అంది.

పరీక్షకుడు పెన్ను మూత తీశాడు. ఇంకో ఏడాది ఫీజు, కాలిన మోటరు, నాన్న ముఖం, అన్నీ స్రవంతి కళ్లముందు తిరిగాయి. అంతా ఖతం అనుకుంది.

"జర ఆగుండ్రి సార్" అన్నాడు జవహర్ సారు. "అది పారేయుండ్రి. మా ల్యాబ్‌ల మొదటిది లెక్కకు రాదు. మళ్ల అడుగుండ్రి."

పరీక్షకుడికి పొద్దుటి చాయ్ గుర్తొచ్చింది కాబోలు, నవ్వాపుకుంటూ మళ్లీ అడిగాడు. ఈసారి స్రవంతి గ్లాసుతో సహా అంతా గడగడా చెప్పేసింది.

భయంతో తడబడ్డ పిల్లల మొదటి జవాబుకు ఈ సారు ఎన్నడూ మార్కు కోయలేదని ఆమెకు అప్పుడు తట్టింది. మళ్ల చెప్పు అన్నప్పుడల్లా తిట్టుకున్నందుకు సిగ్గేసింది, ఆయన మీద ప్రేమా పుట్టింది.

బయటికొచ్చాక థ్యాంక్స్ సార్ అని దండం పెట్టింది. సారు వినిపించుకోకుండా చక్కాపోయాడు. స్రవంతి నవ్వుకుంటూ వెంటపడి మళ్లీ పెట్టింది.

"ఆఁ, గిప్పుడు ముట్టింది" అన్నాడు సారు.