బల్ల కింద నలుగురు

మా బావ బడిలో డ్రిల్లు మాస్టారు. బడి అయిపోయాక కూడా మెడలోంచి విజిల్ తియ్యడు. పడుకున్నప్పుడూ అది మెడలోనే ఉంటుందని అక్క చెబితే నమ్మలేదు. ఓ మధ్యాహ్నం సోఫాలో గుర్రు పెడుతుంటే చూసి నమ్మాను. విజిల్ కూడా సన్నగా మోగుతోంది.

భూకంపం వస్తే ఏం చెయ్యాలో నేర్చుకు రమ్మని బడివాళ్ళు ఆయన్నోసారి శిక్షణకి పంపారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. తిరిగొచ్చాక మాత్రం తనని అడక్కుండా భూమి కదలదన్నంత ధీమా వచ్చేసింది. వీధిలో ఎవరు పలకరించినా "మీ బీరువా గోడకి బిగించారా?" అని మొదలుపెట్టేవాడు. కూరగాయలావిడ ఆయన్ని దూరం నుంచి చూసి బండి పక్క వీధిలోకి తిప్పేసేది. సంఘాలవాళ్ళు ఉపన్యాసాలకి పిలిచి, పిలిచినప్పుడల్లా ఓ షీల్డు చేతిలో పెట్టేవారు. వాటన్నిటికీ హాల్లో నిలువెత్తు అద్దాల బీరువా చేయించాడు.

ఆ బీరువా మాత్రం గోడకి బిగించలేదు. "కొత్తగా రంగు వేయించాం, పెచ్చులూడితే ఎవడు చూస్తాడు?" అన్నాడు. అక్క మళ్ళీ అడిగితే, "ఊరందరికీ నేను నేర్పుతుంటే నువ్వు నాకు నేర్పుతావా?" అన్నాడు. దాంతో అక్క నోరు మూసుకుంది. మా అక్కకి అది బాగా వచ్చు.

గుమ్మం పక్కన ఓ ఎర్ర సంచి ఉండేది. టార్చిలైటు, నీళ్ళ సీసాలు, బిస్కెట్లు, దూది, కట్టు గుడ్డలు, రెండు విజిళ్ళు. ఓసారి కరెంటు పోతే అక్క ఆ టార్చి తీసిందని ఇల్లు పీకి పందిరేశాడు. "అది ఆపదకి! చీకటికి కాదు!" ఆయన తల్లి తన బీపీ మాత్రలు కూడా ఓ పూటకి సరిపడా అందులో వెయ్యమని అడిగింది. చోటు లేదన్నాడు. విజిళ్ళు రెండెందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇక ఆదివారం డ్రిల్లు. విజిల్ ఊదగానే అందరూ అన్నం తినే బల్ల కింద దూరి, దాని కాళ్ళు పట్టుకుని కూర్చోవాలి. బావ, అక్క, ఇద్దరాడపిల్లలు. ఆ నలుగురితోనే బల్ల నిండిపోతుంది. ఐదో మనిషి అత్తయ్యగారు, బావ తల్లి. ఆవిడ మోకాళ్ళు వంగవు. మొదటి ఆదివారం పాపం కుర్చీ పట్టుకుని ఎలాగో కిందికి కూలబడింది కానీ లేవలేకపోయింది. పక్కింటివాళ్ళని పిలిచి లేపాల్సొచ్చింది. కొడుకు ఆవిడవైపు చూడనైనా చూడలేదు. చేతి గడియారం చూసుకుని "టైమంతా పాడు చేశావమ్మా" అన్నాడు.

మరుసటి ఆదివారానికి ఉపాయం కనిపెట్టాడు. "అమ్మ ఊరెళ్ళిందనుకుందాం," అన్నాడు.

అంతే. ప్రతి ఆదివారం నలుగురూ బల్ల కింద ఉండేవారు. ఊరెళ్ళిన అత్తయ్యగారు మాత్రం ఆ అద్దాల బీరువా పక్కనే తన పేము కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. "నానమ్మ ఇక్కడే ఉందిగా?" అని ఓసారి నేనున్నప్పుడే చిన్నది అడిగింది. "లేదు. ఊళ్ళో లేదు. డ్రిల్లులో మాట్లాడకూడదు," అన్నాడు తండ్రి. అత్తయ్యగారు నవ్వేసింది. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

"బావా, నిజంగా వస్తే అత్తయ్యగారి సంగతేంటి?" అని అడిగేశాను. "కనీసం ఆ కుర్చీ అక్కణ్ణుంచి ఇవతలి గోడ దగ్గరికి జరపండి. తల మీద పెట్టుకోవడానికి ఓ దిండివ్వండి."

"ఏమ్మా మరదలా, డ్రిల్లంటే క్రమశిక్షణ," అన్నాడు. "ఒక్కళ్ళ కోసం అన్నీ మార్చుకుంటూ పోతే ఇక డ్రిల్లెందుకు?"

భూకంపం ఆదివారం దాకా ఆగలేదు. ఓ పొద్దున అక్క కుక్కరు తిరిగిచ్చేద్దామని వెళ్ళి, గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాను. కాళ్ళ కింద నేల జరిగింది. వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. బావ విజిల్ ఊదాడు. రెప్పపాటులో నలుగురూ బల్ల కింద ఉన్నారు. తప్పు పట్టడానికి లేదు, చక్కగా చేశారు.

అత్తయ్యగారు లేవబోయి, కాళ్ళు నిలవక కుర్చీ చెయ్యి పట్టుకుని వేలాడుతోంది. "ఒరే నాన్నా!" అని పిలిచింది. "అమ్మాయ్!" అని కోడల్ని పిలిచింది. మనవరాళ్ళని పిలిచింది. ఆవిడ వెనక బీరువా అద్దాలు టకటకా కొట్టుకుంటున్నాయి.

బల్ల కిందనుంచి చిన్నది గట్టిగా అరిచింది. "నానమ్మా, నువ్వు ఊరెళ్ళావు!"

ఆ పిల్లది పెంకితనం కాదు. క్లాసులో ఒప్పు జవాబు చెప్పినట్టు చెప్పింది.

కుక్కరు అక్కడే పడేసి లోపలికి పరిగెత్తాను. నేనేం ధైర్యవంతురాల్ని కాను, నాకు ఆ డ్రిల్లు రాదు, అంతే. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఇవతలి గోడ దగ్గరికి లాగి, సోఫా దిండు తీసి తల మీద అదిమాను. బీరువా షీల్డులతో సహా ఆ పేము కుర్చీ మీద పడింది. కుర్చీ అప్పచ్చిలా అయిపోయింది.

కదలడం ఆగాక అందరం బయటికొచ్చాం. వీధి వీధంతా రోడ్డు మీదే ఉంది. ఎదురింటివాళ్ళు స్టూలు వేస్తే అత్తయ్యగారిని కూర్చోబెట్టి, జుట్టులో గాజు ముక్కలు ఏరుతున్నాను. అవతల బావ అప్పుడే ఉపన్యాసం అందుకున్నాడు. "మా ఇంట్లో చూడండి, అందరం క్షణాల్లో బల్ల కిందికి చేరిపోయాం. అలవాటంటే అదీ!"

నేను నోరు తెరవబోయాను. అత్తయ్యగారు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఒరే, ఇలా రా."

వచ్చాడు. "ఏమ్మా, ఏమైనా గుచ్చుకుందా? ఒక్క కేక వెయ్యొచ్చుగా, వచ్చేవాణ్ణి."

"వేశాను రా. ముందు నిన్నే పిలిచాను."

బావ మెడలో విజిల్ సవరించుకున్నాడు. "ఆ చప్పుళ్ళలో బల్ల కిందికి ఏం వినపడుతుందమ్మా?"

"చిన్నదానికి వినపడిందిగా. జవాబు కూడా చెప్పింది."

అక్క అటు తిరిగి నిలబడింది. బావ మాత్రం గబగబా చుట్టూ చూశాడు, వీధిలో ఎవరైనా విన్నారేమోనని.