మెల్లగా కుట్టిన కాలర్లు

"మెల్లగా కుట్టమని మా అందరికీ చెప్పింది నువ్వా కాదా? ముందు ఆ ముక్క చెప్పు."

"నేనే చెప్పాను వదినా. ఎవరు కాదన్నారు?"

"మరి మమ్మల్నందర్నీ ఇంటికి పంపి నిన్నొక్కదాన్నే ఎందుకు ఉంచారే? మాకంటే నీ మొహం ఏమన్నా అందంగా ఉందా?"

"ఉంటే మీ తమ్ముడు ఈపాటికి ఒక్కసారైనా చెప్పేవాడు."

"వేళాకోళాలొద్దు. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి, తననెవరూ చూడట్లేదనే అనుకుంటుందట."

ఆదివారం మధ్యాహ్నం. నేను మెట్ల మీద కూర్చుని ఒక బూటు విప్పాను, రెండోది విప్పబోతున్నాను. లోపల అరుస్తున్నది మా పిన్ని ఆడపడుచు, నాకు అత్త వరస. ఇద్దరూ ఒకే చొక్కాల ఫ్యాక్టరీలో పక్కపక్క మిషన్ల మీద కుట్టేవాళ్ళు. పిన్ని కాలర్లు, అత్త కఫ్‌లు. మొన్న శుక్రవారం ఆ మిషన్ల వరుసని, అంటే వాళ్ళ లైనుని, మూసేశారు. అత్తతో సహా అందర్నీ పొమ్మన్నారు, పిన్నిని మాత్రం ఉండమన్నారు. పిన్ని తమని అమ్మేసిందని లైనంతా నమ్మింది. గురువారం దాకా "అక్కా, అక్కా" అని వెంట తిరిగినవాళ్ళు ఇప్పుడు ఆమె ఎదురైతే సందు మారుస్తున్నారు.

ఆ సంగతి నాకు ముందే తెలుసు. నన్ను ఆపేసింది "మెల్లగా" అన్న మాట. అలా కుట్టమని పిన్ని చెప్పిందని నేనెప్పుడూ వినలేదు. విన్నాక రెండో బూటు సంగతే మరిచిపోయాను. ఎందుకో చెప్పాలంటే ముందు పిన్ని గురించి చెప్పాలి.

ఫ్యాక్టరీలో పిన్ని అసలు పేరు ఎవరికీ తెలియదు. కాలరక్క అంటారు. పెళ్ళికి ముందు దారప్పోగులు కత్తిరించే పనిలో చేరింది. కాలర్లు కుట్టే ఆవిడ పురిటికి వెళితే ఆ కుర్చీలో కూర్చుంది, మళ్ళీ లేవలేదు. చొక్కాలో ఎక్కడ తప్పు జరిగినా దాచుకోవచ్చు గానీ, మొహం కిందే నిలబడేది కాలర్ కాబట్టి దాన్ని దాచలేమంటుంది. ఎవరినైనా ముందు మెడ చూశాకే మొహం చూస్తుంది. ఒకసారి సూపర్‌వైజర్ లైనంతటి ముందూ కేకలేస్తుంటే చివరిదాకా విని, "సార్, ఈ చొక్కా మన దగ్గరిది కాదు కదా, కాలర్ ఎడమ మొన పడుకుంది" అందట. ఆ వారమంతా ఆయన మెడ తడుముకుంటూనే తిరిగాడు.

అత్త భర్త పోయినప్పుడు ఆవిడని తీసుకెళ్ళి తన పక్క మిషను మీద కూర్చోబెట్టి పని నేర్పింది పిన్నే. అందుకే ఈ గొడవ వీధిలోవాళ్ళ గొడవలా తేలిగ్గా పోయేది కాదు.

పోయినేడు ప్రభుత్వం కొత్త పథకం పెట్టింది. తనంతట తాను కుట్టే మిషను ఫ్యాక్టరీ కొంటే సగం ఖర్చు ప్రభుత్వానిదే, కాకపోతే ఈ ఏడాది ముగిసేలోపు అది పని మొదలెట్టాలి. ఒక్క ఉద్యోగమూ పోదు, పని రూపం మారుతుందంతే అని మంత్రిగారు టీవీలో చెప్పారు. బాబాయి చానల్ మారుస్తూ, "గొంగళిపురుగు సీతాకోకచిలుక అవుతుందట. బాగానే ఉంది. మరి మనం ఆకులమా?" అన్నాడు. కొత్త పనికి శిక్షణ కూడా ప్రభుత్వమే ఇప్పిస్తుంది, కానీ ముప్పై అయిదు దాటనివాళ్ళకే. ఆ లైనులో అంత చిన్నవాళ్ళు ఎవరూ లేరు.

మిషనుకి ముందు పని నేర్పాలి. అందుకని లైనులో అందరి తలకీ ఒక పట్టీ కట్టి, నుదుటి దగ్గర చిన్న కెమెరా బిగించారు. "మూడో కన్ను పెట్టారు, బూడిదయ్యేది మాత్రం మనమే" అందట అత్త. ఎందుకు పెట్టారో ఆడవాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మంచినీళ్ళ కుళాయి దగ్గర పిన్ని ఉపాయం చెప్పింది. పట్టీ తల మీద ఉన్నంతసేపూ మెల్లగా కుట్టండి. మన చేతివేగం మన సొత్తు, దాన్ని వాళ్ళకి చూపించొద్దు. అందరూ సరేనన్నారు. ఇన్నేళ్ళూ సూపర్‌వైజర్ వాళ్ళని అడిగింది ఒక్కటే, తొందర. తమ దగ్గర దాచుకోదగ్గ సొమ్ము ఇంకేదైనా ఉందని వాళ్ళకి ఎలా తోస్తుంది?

ఇదంతా ఆ ఆదివారమే నాకు తెలిసింది. నాకు తెలిసిన సగం వేరు.

కాలేజీ మానేసి పిన్ని ఇంట్లో చేరాక నాకు దొరికింది అదే కంపెనీలో, క్యాంటీన్ పైనున్న గదిలో ఉద్యోగం. ఆ కెమెరాలు తీసిన వీడియోలు చూస్తూ, చెయ్యి బట్టని ఎక్కడ పట్టుకుంది, ఎక్కడ మడిచింది, ఎక్కడ వదిలింది, గుర్తులు పెట్టాలి. ఆ గుర్తులు చూసే మిషను పని నేర్చుకుంటుంది. మొదట్లో అది కుదరని పని. తెర మీద చేతులు నీళ్ళలో చేపపిల్లల్లా ఉండేవి. ఏ వేలు ఏం చేసిందో అంతా మసక. ఇంజనీరు జుట్టు పీక్కునేవాడు. "ఇలా అయితే ఈ ఏడాదికి కాదు, గడువు దాటితే ప్రభుత్వం సొమ్మూ రాదు, ఆ మిషనూ రాదు" అనేవాడు.

తర్వాత ఒక సోమవారం నుంచి చేతులన్నీ నెమ్మదించాయి. ఏ వేలికావేలు విడిగా, పాఠం చెబుతున్నట్టు. మేనేజర్ చెప్పి ఉంటాడని ఇంజనీరు అనుకున్నాడు, ఇంజనీరు చెప్పి ఉంటాడని మేనేజర్ అనుకున్నాడు. నేను ఏమీ అనుకోలేదు, గుర్తులు పెట్టుకుంటూ పోయాను. అన్నిటికంటే శుభ్రంగా ఉన్నవి పిన్ని చేతులు. ఆమె మెల్లగా కుట్టగలిగింది గానీ తప్పుగా కుట్టలేకపోయింది. మిషనుకి కాలర్ మొన తిప్పడం ఇంకా సరిగ్గా పట్టుబడలేదు. అది వచ్చేదాకా పిన్నిని ఉంచుకుంటారు, అంతే.

గదిలో సంగతి బయట చెప్పకూడదని మాకు ఆజ్ఞ. కుళాయి దగ్గర సంగతి ఆఫీసువాళ్ళకి చెప్పకూడదని వాళ్ళ ఒట్టు. పిన్ని లెక్కలో నేను ఆఫీసువాణ్ణి. ఒకే కుండలో అన్నం తింటూ ఇద్దరం నోళ్ళు కుట్టేసుకున్నాం.

లోపలికి వెళ్ళాను.

"బూటుతో వస్తున్నావేంరా?" అంది అత్త.

"పిన్నీ, మెల్లగా కుట్టమంది నువ్వా?"

"నువ్వూ మొదలెట్టావా? ఒకరు చాలరనా?"

మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. మీరు వేగంగా కుట్టినంతకాలం మిషనుకి ఏమీ కనబడలేదు, మెల్లగా కుట్టాకే కనబడింది అన్నాను. పిన్ని నవ్వింది. నా మొహం చూసింది. నవ్వు అలాగే ఉండిపోయింది, దాన్ని తీసెయ్యడం మరిచిపోయినట్టు.

"అంటే మేము రోజూ కుట్టినట్టే కుట్టి ఉంటే?"

"గడువు దాటిపోయేది. ఆ తర్వాత ఏమయ్యేదో నాకూ తెలీదు."

పిన్ని వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పింది. కింద గిన్నె లేదు, గ్లాసు లేదు. నీళ్ళు పోతూనే ఉన్నాయి, ఆమె చూస్తూనే ఉంది. అత్త లేచి వెళ్ళి కట్టేసింది. ఆవిడ గొంతులో ఇప్పుడు కోపం లేదు.

"నువ్వు మమ్మల్ని అమ్మేసి ఉన్నా బావుండేదే. కనీసం తిట్టుకునేదాన్ని."

పిన్ని గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది. అంతలో ఉలిక్కిపడినట్టు తలెత్తింది.

"వంతెన అవతలి ఫ్యాక్టరీ వీడియోలూ మీ గదికే వస్తాయా?"

"వస్తాయి, అదీ మన కంపెనీదే. రేపటినుంచి అక్కడా పట్టీలు కడుతున్నారు."

"తెలుసు. అక్కడ గుండీలు కుట్టేది నా స్నేహితురాలు. పోయిన వారం వెళ్ళి గొప్పగా చెప్పొచ్చాను. మీరూ మెల్లగా కుట్టండే, మేమలాగే చేశాం అని. లైనులో అందర్నీ ఒప్పించానని నిన్న ఫోన్ చేసింది."

"అయితే ఇప్పుడే ఫోన్ చేసి వద్దని చెప్పు."

"వారం కిందట చెప్పిన నోటితోనే వద్దంటే, యజమాని నన్ను కొనేశాడనుకుంటారు. ఇక్కడివాళ్ళే అనుకుంటున్నారుగా. నా మాట నమ్మరు. చూసినవాడు చెబితే నమ్ముతారు."

అత్తకి ముందు అర్థమైంది. "వాడి ఉద్యోగం పోతుందే."

"పోతుంది వదినా."

మెల్లగా వద్దంటే మరేం చెయ్యమంటావని వాళ్ళు అడుగుతారు, ఏం చెబుతావు అన్నాను. తెలీదంది. వాళ్ళని తను నడిపించిన గోతి దగ్గర ఆపడం వరకే తనకి తెలుసంది. తర్వాత నా వైపు తిరిగింది. ఎప్పుడూ "ఒరేయ్" అని కేకేసే మనిషి, ఆ రోజు గొంతు తగ్గించి అడిగింది.

"రేపు షిఫ్టు మొదలయ్యేలోపు నన్ను బండి మీద ఆ గేటు దాకా తీసుకెళ్తావా నాన్నా? దింపేసి వెళ్ళిపోకు. నా పక్కన నిలబడి, ఆ గదిలో చూసింది నీ నోటితో వాళ్ళకి చెప్పు."