వంకాయ మీద ఇంటూ గుర్తు

మా గోవిందస్వామి నాయుడు గారికి ఈ భూమ్మీద ఏ వస్తువూ మొదటిసారి నచ్చదు. రెండోసారి తెచ్చి చూపిస్తే నచ్చుతుంది. అదే వస్తువైనా సరే.

పెరంబూరు రైలుపెట్టెల ఫ్యాక్టరీలో ఆయన ఇన్స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. తలుపు గడియ దగ్గర్నుంచి బెర్తు బోల్టు దాకా ఏది తేడాగా ఉన్నా చాక్‌పీసుతో దానిమీద ఇంటూ గుర్తు కొట్టి వెనక్కి పంపడం ఆయన ఉద్యోగం. ఉద్యోగం వదిలింది గానీ చాక్‌పీసు వదల్లేదు. అందరూ పెన్ను పెట్టుకునే జేబులో ఆయన దాన్ని పెట్టుకుంటారు. ఆ జేబు ఎప్పుడు చూసినా పిండిమర నడిపేవాడి జేబులా తెల్లగా ఉంటుంది.

ఒకసారి ఇంటికొచ్చిన గ్యాసు సిలిండరు మీద ఇంటూ కొట్టారు.

"ఏంది సార్ తప్పు?" అన్నాడు మోసుకొచ్చినవాడు.

"అడుగు వంకర. నిలబెడితే ఊగతా ఉండాది."

"వంకర సిలిండరు కాదు సార్, మీ నేల."

నాయుడు గారు ఒంగి, చెంప నేలకు ఆనించి చూశారు. లేచి సిలిండరు మీది గుర్తు చెరిపి నేలమీద కొట్టారు. పైవాటాలో అద్దెకుంటున్న నేను మెట్లు దిగి వచ్చేసరికి, "తంబీ, ఈ నేల రిజెక్టు. అడుగు పెట్టబాక," అన్నారు. ఆ సాయంత్రమంతా ఆయన భార్య అలివేలమ్మ గారు వంటింట్లోకి ఆ గుర్తు దాటుకుంటూ వెళ్ళింది.

బంధువుల పెళ్ళిలో పప్పు వెనక్కి పంపారు. వంటవాడు ఈయన్ని ఎరిగినవాడు. అదే పప్పును ఇంకో గిన్నెలోకి వంచి తెచ్చాడు. "చూసినావా, చెప్తే ఎట్ల చేసినాడో," అని నాయుడు గారు మళ్ళీ మళ్ళీ పోయించుకున్నారు.

"మిమ్మల్ని పెళ్ళిచూపుల్లో కూడా వెనక్కి పంపించారా అత్తా?" అని ఒకసారి అలివేలమ్మ గారిని అడిగాను.

"అప్పుడు చాక్‌పీసు లేదు గదా నాయనా," అందావిడ.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నవ్వు రానిదల్లా ఎదురింటి కుముదిని విషయంలో.

కుముదిని కూతురు అనఘకు ఆరేళ్ళు. పుట్టినప్పటి నుంచీ మెడ నిలవదు, మాట రాదు, అప్పుడప్పుడూ ఫిట్స్ వస్తాయి. మెత్తటి జావను, తల ఒక పక్కకు వాల్చి పట్టుకుని, చెంచా కొసతో కొద్దికొద్దిగా పెట్టాలి. తొందరపడితే పొలమారుతుంది. కుముదిని పెళ్ళికి ముందు లెక్కల టీచరు. ఇప్పుడు ఆమె లోకమంతా ఆ ముందుగది. భర్త అమరనాథ్ తిరువొత్తియూరులో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. ఇంట్లో ఉన్న సమయంలో నిద్రపోతాడు.

అలాంటి ఇంటికి నాయుడు గారు రోజూ సాయంత్రం కాఫీ వేళకు వెళ్ళేవారు. వెళ్ళి కుర్చీలో కూర్చోగానే కూరగాయల బుట్ట దగ్గరికి లాక్కునేవారు.

"ఏం కుముదినీ, ఈ వంకాయలు ఎవురు తెచ్చింది?"

"ఆయనే మామా, పొద్దున."

"రిజెక్టు." చాక్‌పీసు బయటికి వచ్చేది. "పో, మార్చుకోని రా. సెంథిల్ అంగడే గదా."

"పాప లేస్తాది మామా."

"లేస్తే నేనుండాను గదా. ఎత్తుకోను రాదా నాకు? పుచ్చు వంకాయ తిని నీ మొగుడు డ్యూటీలో పడితే ఆయనకి కూడా నువ్వే జావ పెట్టాల."

కుముదిని పళ్ళు కొరుక్కుంటూ చెప్పులేసుకునేది. వంకాయ అయ్యాక టమాటా. టమాటా అయ్యాక వాసన చాలని కరివేపాకు. ఒకరోజు ఉప్పు ప్యాకెట్టు మీద ఇంటూ కొట్టారు. ఉప్పు చప్పగా ఉందట.

కుముదిని వాళ్ళ కింది వాటాలో ఉండే ఆరోగ్యమేరికి ఒళ్ళు మండిపోయేది. ఆమె కొడుక్కి చిన్నతనంలోనే షుగరు వచ్చింది. సూదిమందు, అన్నం, ఆట అన్నీ ఆమె గడియారం చూసుకుంటూ నడపాలి. నాయుడు గారు ఆమె ఇంటినీ వదల్లేదు.

"మా ఇంట్లో దువ్వెన రిజెక్టు చేసినాడన్నా పెద్దాయన," అంది నాతో. "పళ్ళు ఎక్కువుండాయంట. పిల్లోడిని నేను చూసుకుంటా, మార్చుకోని రా పో అంటాడు. కష్టంలో ఉండే ఆడోళ్ళ మీద కొంచెమన్నా జాలి, ఇరక్కం ఉండొద్దా?"

నేను ధైర్యం చేసి నాయుడు గారిని అడిగేశాను. "పాపతో సతమతమయ్యే మనిషిని ఇలా అంగళ్ళ చుట్టూ తిప్పడం న్యాయమా మామా?"

"తంబీ," అన్నారాయన, "క్వాలిటీ అంటే క్వాలిటీ."

ఒకరోజు జోరున వాన. ఆ రోజు కూడా వంకాయ రిజెక్టే. కుముదిని తుమ్ముతూ గొడుగు వెతుకుతుంటే చూడలేక, సంచీ లాక్కుని నేనే వెళ్ళాను.

సెంథిల్ తమిళుడైనా బేరాలతోనే తెలుగు నేర్చినవాడు. సంచీలో గుర్తున్న కాయలు చూడగానే లేచి స్టూలు వేశాడు. "ఉక్కారు సార్. టీ చెప్తా."

"టీ వద్దయ్యా. కాయలు మార్చు."

"మారుస్తా. టీ అయినాకే. రూల్ సార్."

"ఏం రూలు?"

సెంథిల్ వీధిలోకి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "చాక్‌పీసు రూల్. ఇంటూ గుర్తున్న సరుకు వస్తే స్టూలు వెయ్యాల. టీ తెప్పించాల. అర్ధగంట దాకా మార్చకూడదు. పెద్దాయన ఆర్డర్. ఇంట్లో పిల్లని విడిచి రాలేని అక్కలు వచ్చేదే ఆ గుర్తుతో గదా. వాళ్ళొస్తే మా ఇంటామెను పిలుస్తా. ఇద్దరూ ఊరి కథలన్నీ చెప్పుకోని నవ్వుకుంటారు. ఈ పొద్దు మీరొచ్చేసినారు. ఏం చేసేది? మీకు నేనే కథ చెప్పాల."

"ఈ ఒక్క అంగడేనా?"

"పిండిమర, ఫ్యాన్సీ స్టోరు, టైలరు. అందురికీ చెప్పిపెట్టినాడు."

టీ అయింది. సెంథిల్ తడిగుడ్డతో గుర్తులు తుడిచి, ఆ కాయలనే తిరిగి సంచీలో వేశాడు.

"ఇవి అవే కదయ్యా?"

"అవే సార్. ఫస్ట్ క్లాస్ కాయలు. నా అంగడిలో పుచ్చు ఎందుకుంటాది?"

తడుస్తూ తిరిగొచ్చాను. నాయుడు గారి ఒళ్ళో అనఘ వెల్లకిలా పడుకుని ఉంది. దాని గుప్పిట్లో ఆయన జేబు, దాని ముక్కు నిండా చాక్‌పీసు పొడి. ఆయన ఒక వంకాయ తీసి వెలుగులో తిప్పి చూశారు.

"చూసినావా తంబీ. ఇప్పుడెట్ల ఉండాయో."

"అవునండీ," అన్నాను. "చాలా బాగున్నాయి."

ఆ తర్వాత కొన్నాళ్ళకు కుముదినికి మైలాపూరులోని ఒక బడి నుంచి పిలుపు వచ్చింది. లెక్కల టీచరు ఖాళీ. గురువారం పదిన్నరకు పిల్లల ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి. ఎన్నో బడులకు రాయగా రాయగా వచ్చిన ఒకే ఒక్క జవాబు అది. ఆ వారమే అమరనాథ్ ఫ్యాక్టరీలో యంత్రాలన్నీ విప్పి బాగుచేస్తున్నారు. సెలవు మాటెత్తడానికి వీల్లేదు.

"పోను మామా," అంది కుముదిని. "పదకొండుకు జావ పెట్టాల. నా చెయ్యి తప్ప ఎవురి చెయ్యీ అది తీసుకోదు. మీరెత్తుకుంటారు సరే. జావ పెట్టేది వేరే."

"నేర్పించు."

"మీకా? మీరు చెంచానే రిజెక్టు చేస్తారు."

నాయుడు గారు జేబులోంచి చాక్‌పీసు తీసి ఆమె చేతిలో పెట్టారు. "నేను పెడతా. నువ్వు ఇన్స్పెక్టరు. తప్పు కనిపిస్తే కొట్టు."

"యాడ కొట్టేది?"

ఆయన చొక్కా చెయ్యి ముందుకు చాచారు.

కుముదిని మొదట మొహమాటపడింది. మొదటి గుర్తు ఎక్కడో మోచేతి కింద, కనీ కనపడకుండా పెట్టింది. ఆ తర్వాత ఇన్నాళ్ళ వంకాయలూ, టమాటాలూ, చప్పటి ఉప్పూ ఒక్కొక్కటిగా గుర్తొచ్చినట్టున్నాయి.

"చెంచా నిండా తీసినారు. రిజెక్టు."

"కొంచెమే గదమ్మా."

"కొంచెమే అయితే కొంచెం ఇంటూ. తల ఇంకా పక్కకి పట్టుకోండి. రిజెక్టు. మింగిందో లేదో గొంతు చూసినారా? చూడకుండానే రెండో చెంచా. రిజెక్టు మామా, రిజెక్టు."

ఆమె అనుమతితో పెట్టిన చెంచాలకంటే పడ్డ గుర్తులే ఎక్కువ. చీకటి పడేసరికి ఆయన చొక్కా పలకలా తయారైంది. ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డారు. "ఇంత కఠినమైన ఇన్స్పెక్షను నా సర్వీసులో లేదు," అన్నారు. అలివేలమ్మ గారు ఆ చొక్కాను తీగమీద వేసి, వీధిలో అందరికీ కనపడేలా తిప్పి పెట్టింది.

మర్నాడు ఆరోగ్యమేరి నేనూ నేర్చుకుంటానని వచ్చింది. పిండిమర ఆయన వచ్చాడు. సెంథిల్ భార్య వచ్చింది. ఏం జరుగుతుందో చూద్దామని వెళ్ళిన నన్ను కూడా కూర్చోబెట్టారు. ఫిట్స్ వస్తే పాపను పక్కకు తిప్పాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, ఎంతసేపు వచ్చిందో గడియారం చూడాలి, ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. కుముదిని నిలబడి చెప్తోంది. మేము నేలమీద కూర్చుని వింటున్నాము. తలుపు పక్కన కూర్చున్న నన్ను, "మీరు చెప్పండి, ఏ పక్కకి తిప్పాల?" అని ఠక్కున అడిగింది. చిన్నప్పుడు బడిలో లేచినట్టే లేచి నిలబడ్డాను.

అప్పుడు గమనించాను. ఆమె గొంతు ఖణేల్‌మంటోంది. గురువారం చెప్పాల్సిన పాఠానికి ఆమెకు వేరే సాధన అక్కర్లేకపోయింది.

బుధవారం నాయుడు గారు గిన్నెడు జావా పెట్టారు. చాక్‌పీసు కదల్లేదు. చివరి చెంచా అనఘ మింగి, గొంతు కిందికి పైకి ఆడాక, కుముదిని ఆయన చొక్కా చేతిమీద ఒక రైటు గుర్తు పెట్టింది. ఆయన ఆ చొక్కాను ఉతకనివ్వలేదు.

గురువారం కుముదిని గంజిపెట్టిన నూలుచీర కట్టుకుని బయల్దేరింది. పెరంబూరు స్టేషను చేరకముందే మొదటి ఫోను.

"నిద్రపోతా ఉండాదమ్మా. రైలెక్కు."

రైలెక్కాక ఇంకొకటి. రైలు మారాక మరొకటి. బడి గేటు దగ్గర నుంచి చేసిన దానికి నాయుడు గారు, "నీ ఫోను రిజెక్టు. లోపలికి పో," అని పెట్టేశారు.

పదకొండుకు జావ. మొదటి చెంచా అనఘ నాలుకతో బయటికి తోసేసింది. రెండోదీ అంతే. పెదవులు బిగించి తల తిప్పుకుంది. ముందుగది నిండా మేమున్నాం. ఇప్పుడు ఇది తినకపోతే మేము కుముదినికి ఫోను చెయ్యాలి. ఫోను చేస్తే ఆమె పాఠం మధ్యలో వదిలేసి వచ్చేస్తుంది. మరోసారి ఎవరు పిలిచినా ఇక గడప దాటదు.

"నేను పెట్టేదా?" అంది ఆరోగ్యమేరి.

"ఆగమ్మా. తప్పు చెయ్యిది కాదు. సరుకుది." ఆయన వేలితో జావ ముట్టి చూశారు. చల్లారి గట్టిపడింది. లేచి వంటింట్లోకి వెళ్ళి, వేడినీళ్ళు కలిపి పలచన చేసి, మణికట్టు మీద చుక్క వేసి చూసుకుని, మళ్ళీ తెచ్చారు.

అనఘ ఆ చెంచాను తీసుకుంది. మేమందరం దాని గొంతు వంకే చూస్తున్నాం. మింగింది. ఇంకో చెంచాకు నోరు తెరిచింది.

"పిల్లకు కూడా మొదటిసారి నచ్చలేదు పెద్దాయనా," అంది ఆరోగ్యమేరి. గది గదంతా నవ్వింది.

గిన్నె ఖాళీ అయింది. పాప నిద్రపోయింది. బాల్కనీలో నా పక్కన కూర్చున్న అలివేలమ్మ గారు చిన్నగా మొదలుపెట్టింది.

"ఈయన అప్పట్లో ఏది పెట్టినా తినే మనిషి నాయనా. ఉప్పు మరిచిపోయినా తెలిసేది కాదు. మా కూతురు చాందినికి చిన్నప్పుడు ఫిట్స్. నేను ఇల్లు కదిలిందే లేదు. ఒక దినం ఫ్యాక్టరీలో ఎవురితోనో గొడవపడి వచ్చి, బెండకాయ ముదురంటా నామీద అరిచినాడు. పో, మార్చుకోని రా పో అన్నాడు. పోయినా. పోయి స్టేషను బ్రిడ్జి మీద నిలబడి, వచ్చే రైలూ పోయే రైలూ చూస్తా ఉండిపోయినా. ఎంతసేపో తెలీదు. భయపడతా తిరిగొస్తే ఈయన పాపను భుజాన వేసుకోని తిరగతా ఉండాడు. బెండకాయలు మార్చేదే మరిచిపోయినా. చెప్పను భయమేసి అవే వండినా. నా మొఖమే చూస్తా తిన్నాడు. ఇప్పుడు బాగుండాయి అన్నాడు. మర్నాడు మళ్ళీ బెండకాయ రిజెక్టు."

"మీకు తెలుసని ఆయనకు తెలుసా అత్తా?"

"ఎందుకు చెప్పేది? చెప్తే పంపడు గదా." ఆవిడ నవ్వింది. చాందిని ఇప్పుడు తిరువొత్తియూరులో బ్యాంకు ఆఫీసరు. తల్లి వంట బాగలేదని ఆదివారాలు ఫోనులో కూడా వంక పెడుతుంది.

"అలివేలూ, ఏం చెప్తా ఉండావాడ?" అని లోపల్నుంచి గొంతు.

"ఏం లేదు, కాఫీ పెట్టేదా అంటా ఉండా."

రెండు గంటలకు ఫోను వచ్చింది. నాయుడు గారు విన్నారు. ఊ అన్నారు. ఫోను పెట్టేసి మావైపు తిరిగి, "సోమవారం నుంచి రమ్మన్నారంట. పిల్లోళ్ళు ఇంకొక పాఠం చెప్పమని అడిగినారంట," అన్నారు. ఆరోగ్యమేరి చప్పట్లు కొట్టబోయి, పాప లేస్తుందని అరచేతులు గాల్లోనే ఆపుకుంది. అప్పటికప్పుడే వాటాలు పడ్డాయి. సోమవారం ఎవరు, మంగళవారం ఎవరు అని. నాకు శనివారం దక్కింది. గట్టిగానే పోట్లాడి తీసుకున్నాను.

నాలుగైంది. కుముదిని రాలేదు. షిఫ్టు దిగి వచ్చిన అమరనాథ్ బాల్కనీకీ గదికీ మధ్య తిరుగుతున్నాడు. "రెండింటికి బయల్దేరిన మనిషి ఇంకా రాలేదే. ఫోను చేస్తా మామా."

"ఇట్ల రా," అన్నారు నాయుడు గారు, లేచిన పాపను భుజాన వేసుకుని బాల్కనీ అంచున నిలబడి.

వీధి మలుపులో బజ్జీల బండి. దాని పక్కన గంజిచీర నలిగి, చేతిసంచీ చంకకు తగిలించుకుని కుముదిని. చేతిలో మిరపకాయ బజ్జీ. కారానికి కళ్ళు తుడుచుకుంటూ బజ్జీలు వేసే ఆమెతో ఏదో చెప్పి పగలబడి నవ్వుతోంది. తొందరన్నది ఆ మనిషిలో ఎక్కడా లేదు.

అమరనాథ్ కేకేయడానికి నోరు తెరిచాడు. నాయుడు గారు ఖాళీగా ఉన్న చేత్తో ఆ నోరు మూశారు.

"అరవబాకప్పా. రెండోది తింటా ఉండాది. తిననీ."

కుముదిని మూడో బజ్జీకి చెయ్యి చాచింది. బాల్కనీలో మేమందరం కిందికి ఒంగి చూస్తున్నాం. ఆ వేళ్ళ సందుల్లోంచి అమరనాథ్ మాత్రం, "నాకొకటి తెమ్మని చెప్పేదానికైనా ఫోను చేయొచ్చు గదా మామా," అంటున్నాడు.