ఇంద్రజ సర్దిన డాక్టర్ల నంబర్లు

మావారు సదాశివరావుగారు ఉన్నప్పుడు పొద్దున్నే ఆయన ఆఫీసుకెళ్ళే చార్టర్డ్ బస్సు వేళకి టిఫిన్ డబ్బా సర్దేదాన్ని. ఆయన పోయాక వంటింట్లోకి వెళ్ళబుద్ధయ్యేది కాదు. ఇప్పుడు మళ్ళీ సర్దుతున్నాను, పదకొండింటికి, మా మేడమీది గదిలో అద్దెకుంటున్న ఇంద్రజ కోసం.

తెనాలి పిల్ల. నోయిడాలో ఒక చిన్న కంపెనీలో కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తుంది. ఈ తొంభై ఆరులోనే మొదటిసారి ఆమెకు సొంతంగా ఒక పని అప్పగించారు. ఫోను చేసినవాళ్ళకి డాక్టర్ల నంబర్లు చెప్పే సంస్థ ఒకటుంది, దానికి ప్రోగ్రాం రాయాలి. తన ఆఫీసులోని కొత్త మిషన్ మీద చక్కగా నడిచింది. ఆ సంస్థలోని పాత మిషన్ల మీద మాత్రం నంబరు దొరికేలోపు జనం విసిగి ఫోను పెట్టేస్తున్నారట. సోమవారంలోగా బాగుచేయకపోతే పని ఇంకొకరికి ఇస్తానన్నారు ఆమె మేనేజరు రాజగోపాల్‌గారు.

ఆ సాయంత్రం వచ్చి వంటింటి గడపలో కూలబడింది.

"ఏమైందే?"

"పోపు వేస్తూ ఆవాల కోసం అటకెక్కి, దిగి, మళ్ళీ జీలకర్ర కోసం ఎక్కారనుకోండి ఆంటీ, ఏమవుద్ది?"

"పోపు మాడుతుంది. నా నడుం విరుగుతుంది."

"నా ప్రోగ్రాం అదే చేస్తోంది. మా మిషన్‌లో మెమరీ ఎక్కువ, అన్నీ చేతికందే గూట్లో ఉన్నట్టు. వాళ్ళ దాంట్లో మెమరీ కొంచెమే. మిగతాదంతా డిస్క్ మీద, అటక మీదన్నమాట. ఎక్కినప్పుడల్లా బుట్టెడు తెస్తుంది గానీ, ఆ బుట్టలో పనికొచ్చేది ఒక్కటే. డాక్టర్లని పేర్ల వరసన పెట్టా కదా!"

"మరి ఏ వరసన పెట్టాలి?"

"అదే తెలీట్లా."

మర్నాడు ఆమె ఆఫీసుకి వెళ్ళలేదు. ఆ సంస్థలో ఫోన్లు ఎత్తే అమ్మాయిల పక్కన కూర్చుంది. వస్తూనే చెప్పులైనా విప్పకుండా చెప్పింది.

"ఎవరూ పేరు అడగట్లేదు ఆంటీ! 'దీదీ, కరోల్ బాగ్‌లో పిల్లల డాక్టరు' అంటారు. ఆయన లేరంటే పక్క వీధి ఆయన్ని చెప్పమంటారు. ఒక పేటవాళ్ళందర్నీ డిస్క్ మీద పక్కపక్కన పెడతా. ఏ పేట ఎక్కడుందో చెప్పే చిన్న పట్టీ ఒక్కటే మెమరీలో ఉంచుతా. ఇక ఒక్కసారి ఎక్కితే చాలు."

మావారికి గుండెల్లో నొప్పి వచ్చిన రోజు నేనూ అలాగే డాక్టరు నంబరు కోసం ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డాను. మర్నాటి నుంచి ఆమె డబ్బాలో ఒక చపాతీ ఎక్కువ పెట్టాను.

సోమవారం సాయంత్రం ఫోను మోగింది.

"అడిగీ అడగ్గానే నంబరు వచ్చేసింది ఆంటీ! రాజగోపాల్ సార్ నమ్మక మళ్ళీ మళ్ళీ అడిగించారు. 'అచ్ఛా, మిషన్ మార్చావా?' అంటారు. మిషన్ అదే సార్, వరస మార్చానన్నా. తర్వాతి పనీ నాకేనట. ఆటోలో వస్తున్నా, తయారవండి. అశోకా రోడ్డు క్యాంటీన్‌లో మన తెలుగు భోజనం, ఇవాళ నేను పెట్టిస్తా."

"నేనెందుకమ్మా ఇప్పుడు..."

"గోంగూర అయిపోద్ది, తొందరగా!"

సింకు నిండా మధ్యాహ్నపు గిన్నెలున్నాయి. పంపులో నీళ్ళు అప్పుడే వచ్చాయి, గంటలో ఆగిపోతాయి కూడా. పంపు కట్టేసి చీర మార్చుకున్నాను.