యాది లేదని చెప్పిన దెబ్బ

నా కార్ఖానాలో మగ్గం నడిపే సాయిలు కన్ను ఎట్లా పోయిందో నాకు తెలుసు. అడిగిన మనిషికి మాత్రం చెప్పలేదు.

ఇరవై ఏళ్ళ కిందటి సంగతి. థానే నుంచి మా మగ్గాల ఊరు భివండి వస్తున్న బస్సు కాశేలి దగ్గర ఆగిపోయింది. నా చొక్కా మీది దూది నలకలు చూసి, పక్క సీటాయన సంచిలోంచి కాగితాలు తీశాడు.

"అన్నా, మీ కార్ఖానల ఈ వారం ఎవలకన్న దెబ్బ తాకిందా? పోయిన నెల? మూడు నెలల కింద?"

"నీకెందుకు? లేబర్ ఆఫీసోనివా?"

"కాదన్నా. దినాలు గడిచినకొద్ది మనుషులు ఎంతెంత మర్చిపోతరో లెక్క తీస్తున్న. జవాబులు దవాఖాన రిజిస్టరుతోని పోల్చి చూస్త. పేర్లు రాయ."

నేను నమ్మలేదు. పేరు రాయనివాడికి అంత లావు కాగితాల కట్ట ఎందుకు? అప్పటికి సరిగ్గా మూడు నెలల కిందనే, మగ్గంలో నూలు మోస్తూ అటూ ఇటూ పరుగెత్తే షటిల్ ఎగిరి సాయిలు కంటికి తగిలింది. తెగిన పోగు కలపడానికి అడ్డమొస్తోందని, షటిల్ ఎగరకుండా ఆపే కడ్డీని నేనే తీయించాను. సాయిలే నిద్రమత్తులో ఉన్నాడని అందరికీ చెప్పాను.

"అంత ఎనకటిది యాది లేదు" అన్నాను.

ఆయన ఒక గీత పెట్టుకొని నా భుజం తట్టాడు. "ఫికర్ జెయ్యకన్నా. మూడు నెలలైతె చానమంది మర్చిపోతరు."

ఆయన లెక్కలో నేను మర్చిపోయినవాణ్ణి. ఆ రోజు షటిల్‌లో ఉన్నది పచ్చ నూలని ఇప్పటికీ చెప్పగలను.

ఇన్నేళ్ళకు, పోయిన నెల, భివండిలోనే కనేరిలో ఉన్న సాయిలు గదికి వెళ్ళి కడ్డీ సంగతి చెప్పాను.

"గిప్పుడు యాదికొచ్చిందా సేఠ్?" అన్నాడు.

"ఒక్క దినం గూడ మర్చిపోలే. తప్పు నాది, నీ మీద ఏసిన. మాఫ్ చెయ్యి సాయిలూ."